పిట్టకు చెప్పిన ఆఖరి భాగం

రాణి కాపురానికి వచ్చేసరికే ఆ ఇంట్లో ఒక సవతి ఉంది. దాని పేరు ‘చుక్కల కోట’. మనిషైతే జుట్టు పట్టుకుని చిల్కానగర్ చౌరస్తా దాకా ఈడ్చుకుపోయేది. అదేమో సినిమా ఆయె, ఏం చేస్తుంది?

అదొక ఇంగ్లీషు సినిమా. తెలుగు మాటలు పెట్టి వదిలారు. రెండేళ్లకో భాగం, మొత్తం ఆరు భాగాలు. అందులో ఎన్ని గ్రహాలున్నాయో, ఎందరు రాజులున్నారో, ఎవరు ఎవరికి ఏమవుతారో దేవుడికెరుక, ఆమె మొగుడు మొగిలయ్యకెరుక. అసలు సంగతి మాత్రం చిన్నదే. తమ్ముడు మోసం చేస్తే ఓరన్ అనే అన్న ఇల్లు విడిచి గ్రహాలు పట్టుకు తిరుగుతుంటాడు. కోట వాకిట్లో వాళ్లమ్మ దీపం పెట్టుకుని ఎదురుచూస్తుంటుంది. వాడు ఇల్లు చేరతాడా లేదా? ఆ ఒక్క ముక్క కోసం మొగిలయ్య పదేళ్లు కాచుకు కూర్చున్నాడు.

మొదటి భాగం రెండువేల ఒకటిలో వచ్చింది. జనగామ అవతల పల్లె నుంచి వచ్చి నాచారం ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద చేరి అప్పటికి పదిహేను రోజులు. ఒక్క గదిలో ఐదుగురు. ఆదివారం ఏం చేయాలో తోచక ఉప్పల్‌లో ఒక టాకీసులో దూరాడు. తెర మీద ఓరన్ ముక్కూ మొహం తెలియని చోట ఎవరివో ఎంగిలి గిన్నెలు తోముతూ, ఆకాశంలో తన ఇల్లు ఏ చుక్కో వెతుక్కుంటున్నాడు. మొగిలయ్య వెక్కి వెక్కి ఏడ్చాడు. నవ్వేవాళ్లు నవ్వండి. కొత్తగా పట్నమొచ్చినవాడి ఏడుపు పట్నంలో పుట్టినవాళ్లకు ఎలా తెలుస్తుంది?

రెండో భాగానికి కొత్త పెళ్లాన్ని వెంటబెట్టుకుని పోయాడు. రాణి మొదటి పావుగంటకే నిద్రపోయింది. అతను కోపం చేసుకోలేదు. ఉప్పల్ నుంచి చిల్కానగర్ దాకా నడుస్తూ కథంతా చెప్పాడు. ఆ తర్వాత ఆమె ఏ భాగమూ చూడలేదు కానీ వినని భాగమూ లేదు. బియ్యం ఏరుతుంటే కథ, బట్టలు పిండుతుంటే కథ.

"నీ ఓరన్ జల్ది ఇల్లు చేరితే నా చెవులకు జర సుఖముంటది," అనేది ఆమె.

"చేరుతడు తియ్. తల్లి దీపం పెట్టుకోని కూసున్నంక చేరకుంటె ఎట్ల?" అనేవాడు.

ఫ్యాక్టరీలోనూ ఇదే తంతు. అన్నం గంట కొట్టగానే నట్లూ వాషర్లూ బల్ల మీద పేర్చేవాడట. పెద్ద నట్టు సూర్యుడు, ఇత్తడి వాషరు అమ్మ ఉన్న గ్రహం, తుప్పు పట్టిన బోల్టు ఓరన్ ఓడ. పప్పు చల్లారిపోయినా పట్టించుకునేవాడు కాదు. ఈ భాగవతమంతా పక్క మిషన్ మీద పనిచేసే నరేందర్ వచ్చి రాణికి చెప్పేవాడు. రాణిని అక్కా అనీ, అతన్ని బావా అనీ పిలిచేవాడు. ఒకసారి రాణి అతని చొక్కా విదిలిస్తే ఇత్తడి వాషరు ఒకటి కింద పడింది. పారేయబోతే మొగిలయ్య లబలబలాడాడు. అప్పటి నుంచి అది దేవుడి పటం ముందే ఉండేది.

రెండువేల పదకొండులో ఆరో భాగం వచ్చింది. ఎప్పుడొచ్చింది? అతని మూత్రపిండాలు రెండూ చెడిపోయి, వారానికి రెండుసార్లు దవాఖానాలో రక్తం శుద్ధి చేయించుకుంటున్నప్పుడు.

"రాణీ, శుక్రవారం మొదటాట. ఆటోల పోయి ఆటోల వద్దం," అన్నాడు. గొంతులో ఓపిక లేకపోయినా కళ్లలో వెలుగు మాత్రం పెళ్లి నాటిదే.

"శనివారం సూదులు పెట్టుడున్నది. నిలబడితే కాళ్లు వణుకుతున్నయి, నీకు సినిమా కావాల్నా? జర తగ్గనీ, వచ్చే వారం నేనే తోలుకపోత. సినిమా ఏమన్న ఉరికిపోతదా?"

ఉరికిపోయింది. వచ్చే వారం తెలంగాణ బందు అన్నారు, రెండు రోజులు టాకీసులు మూతపడ్డాయి. తెరిచేసరికి ‘చుక్కల కోట’ తీసేసి కొత్త తెలుగు సినిమా వేశారు. ఆ కబురు విని మొగిలయ్య గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఒక్క మాట తిట్టినా రాణి ప్రాణం కుదుటపడేది.

నరేందర్ మొదటి రోజే చూశాడు. మంచం పక్కన కూర్చుని, "బావా, ఓరన్ ఏమైతడంటే..." అనబోతే మొగిలయ్య చెయ్యెత్తి ఆపాడు.

"చెప్పకు బామ్మర్ది. సీడీ వచ్చినంక నేనే సూస్త."

సీడీ రాలేదు. ఆ మాటన్న పన్నెండో రోజున అతనే వెళ్లిపోయాడు.

మూడో రోజు పిట్టకు పెట్టాలి. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, శ్మశానంలో విస్తరి వేసి అందరూ దూరంగా జరుగుతారు. కాకి ముడితే ఆత్మ తృప్తిపడ్డట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. అప్పుడు తలా ఒకరు ముందుకొచ్చి మాటిస్తారు.

మటన్ పెట్టారు, గారెలు పెట్టారు, కల్లు పోశారు. గోడ మీద నాలుగు కాకులున్నాయి. ఒక్కటీ దిగలేదు.

"నీ బిడ్డ మానసను మంచిగ సదివిస్తం కొడుకా, తిను," అంది తల్లి వెంకటనర్సమ్మ.

"నీ పెండ్లాం పిల్లకు నేనున్నరా," అన్నాడు పెదనాయన సాంబయ్య.

కాకులు కదల్లేదు. పొద్దు నడినెత్తికి వచ్చింది. ఏడేళ్ల మానస ఎండకు సొమ్మసిల్లేలా ఉంది. ఆ కోరిక ఏమిటో రాణికి తెలుసు. ఇంతమందిలో సినిమా అని ఎలా చెప్పడం? నోరు తెరిస్తే నవ్వుతారు. కానీ వద్దన్నది తను, ఉరికిపోతదా అన్నది తను. అతను ఆకలితో అలా నిలబడి ఉంటే ఆమె ఎలా చూస్తుంది?

నరేందర్ దగ్గరికి పోయి గుసగుసగా అడిగింది. "తమ్మీ, ఆఖరికి ఏమైంది? ఓరన్ ఇల్లు చేరిండా?"

నరేందర్ చుట్టాల వైపు చూసి గొంతు తగ్గించాడు. "అది... మంచిగ లేదక్కా. ఓరన్ వచ్చేటాళ్లకు దీపం ఆరిపోతది. తల్లి సచ్చిపోయుంటది. గడప దాటకుండనే ఆయన గూడ..."

రాణి విస్తరి ముందుకు పోయి మోకాళ్ల మీద కూర్చుంది. దేవుడి పటం ముందు నుంచి తెచ్చుకున్న ఇత్తడి వాషరు అన్నం పక్కన పెట్టింది.

"ఏమయ్యా, ఇంటున్నవా?" గొంతు పెద్దది చేసింది. "ఓరన్ ఇల్లు చేరిండు! దీపం ఆరలే. వాళ్లమ్మ దర్వాజ కాడనే ఉన్నది. కాళ్లకు నీళ్లిచ్చింది. ఇన్నేండ్లు ఏడ తిరిగినవు బిడ్డా అని ఏడ్సింది. అన్నం పెట్టింది, కడుపు నిండ తిన్నడు. నువ్వు గూడ తిను."

చుట్టాల్లో ఎవరో, "పాపం, మతి పోయింది," అన్నారు. అంతలోనే గోడ మీది కాకి ఒకటి దిగింది. అటూ ఇటూ చూసి గారె ముక్క ఎత్తుకుపోయింది. దాని వెనక మిగతావీ దిగాయి.

"ముట్టింది! పిట్ట ముట్టింది!" అని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. బిందెలు, గిన్నెలు సర్దుకోవడం మొదలుపెట్టారు.

రాణి లేవలేదు. నరేందర్ వచ్చి భుజం పట్టుకున్నాడు. "లే అక్కా. బావ తృప్తిగ పోయిండు గదా, ఇంక ఏడ్వకు."

ఆమె నోట్లో కుక్కుకున్న కొంగు తీసింది.

"ఎనిమిదేండ్లు నాకు కథ చెప్పిండు తమ్మీ. ఒక్క ముక్క అబద్ధం చెప్పలే. నేను చెప్పింది గీ ఒక్కసారే. అది నమ్మి పోయిండు."