ఖాదర్ సారు పొట్టి పీట

పక్క స్థలంలో ఇల్లు లేస్తోంది. నిన్న పొద్దున ట్రాక్టరు వచ్చి గోదావరి ఇసుక దింపి పోయింది. తడి ఇసుక వాసన కిటికీలోంచి వంటింటిదాకా వచ్చింది. పాలపాకెట్ కోసం బయటికి వెళ్ళి, దారిలోకి జారిన ఇసుక మీద కాలు వేస్తే చెప్పు కింద కరకరమంది. ఆ చప్పుడు నా చెవికంటే ముందు నా అరచేతికి గుర్తొస్తుంది. ఎందుకో చెప్పాలంటే ఖమ్మంలో ఖాదర్ సారు గది నుంచి మొదలుపెట్టాలి.

ఆయన మీకు తెలిసే అవకాశం లేదు. బట్టల కొట్టు వెనక కిరాయి గదిలో, గుమ్మం మీద ఫిజియోథెరపీ అని బోర్డు రాయించుకుని, ఆ మాట అర్థం కాని జనానికి రోజూ కీళ్ళ కసరత్తు అని చెప్పుకుంటూ బతికిన మనిషి. తాళాల వ్యాపారం చేసే ఇంట్లో పుట్టి, హైదరాబాదులో ఈ చదువు చదువుకుని వచ్చారు. కుర్రతనంలో మోటారు సైకిలు మీంచి పడి దెబ్బతిన్న ఎడమ మోకాలు సరిగా వంగేది కాదు, కాలు కాస్త ఈడ్చి నడిచేవారు. గదిలో ఒక చెక్క బల్ల, ఒక కుర్చీ, ఒక పొట్టి పీట, పాత ప్యాంటు కాళ్ళు కత్తిరించి గోదావరి ఇసుక నింపి కుట్టిన సంచులు. ఒక వేడి దీపం కూడా ఉండేది గానీ కరెంటు దయ ఉంటేనే వెలిగేది.

ఎనభైల మొదట్లో, ఇంటర్ చదివే రోజుల్లో, ఏన్కూరు దగ్గర మా ఊళ్ళో మిరప బస్తాల బండి మీంచి పడి మోకాలి చిప్ప పగలగొట్టుకున్నాను. బస్తాలెక్కి కూర్చోవద్దని అమ్మ చెబుతూనే ఉంది. కట్టు విప్పేసరికి ఎముక అతికింది గానీ మోకాలు బిగుసుకుపోయింది. బస్సులో కాలు దారికడ్డంగా చాపుకుని కూర్చుంటే కండక్టరు గొణుక్కుంటూ దాటేవాడు. అదైనా భరించవచ్చు. చెంబు పట్టుకుని చేలోకి వెళ్ళినప్పుడు గొంతుక్కూర్చోలేకపోతే, పెళ్ళీడు పిల్లనైన నన్ను అమ్మ రెండు చేతులా పట్టుకుని నిలబడాల్సి వచ్చేది. ఆ సిగ్గుతో నీళ్ళు తాగడం మానేశాను.

మోకాలు బలవంతంగా వంచుతారని ఊళ్ళో అందరూ నన్ను బాగా భయపెట్టి ఖాదర్ సారు దగ్గరికి పంపారు. మొదటి రోజు బల్ల మీద పళ్ళు బిగించి పడుకున్నాను. సారు నా మీద చెయ్యే వెయ్యలేదు. బోర్లా తిరగమని, అమ్మ చేత నా చీలమండకి పాత చున్నీ కట్టించి, రెండో కొస భుజం మీదుగా నా చేతికి అందించారు.

"నొప్పి నీది బిడ్డా. గుంజుడు గూడ నీ చేతులనే ఉండాలె" అన్నారు.

అంతే. లాగేదీ నేనే, వదిలేదీ నేనే. ఏడ్చేదీ నేనేననుకోండి, కానీ తిట్టుకోవడానికి ఎవరూ దొరకలేదు. వారం వారం వెళ్ళేవాళ్ళం. అమ్మకి కుర్చీ చూపిస్తే "ఫర్లేదండి" అని గోడకానుకుని నిలబడేది. పెద్దమనిషి ముందు కూర్చోకూడదనే మర్యాద అనుకున్నాను.

వానలు మొదలయ్యే నాటికి నా మడమ పిర్రని తాకింది. ఆ రోజు అమ్మ అరటిపళ్ళు తెచ్చి సారు బల్ల మీద పెట్టి, చాలా సంతోషంగా మొక్కు సంగతి చెప్పింది. బిడ్డ మోకాలు వంగితే ఆ మోకాళ్ళతోనే భద్రాచలం గుడి మెట్లెక్కిస్తానని రాముడికి మొక్కుకుందట. మొక్కింది ఆవిడ, ఎక్కాల్సింది నేను. నాకూ అప్పుడే తెలిసింది. అప్పుడప్పుడే కుదురుకుంటున్న చిప్ప, కింద రాతి మెట్ల అంచులు. సారు ఏమంటారోనని చూశాను. ఆయన తాపీగా ఒక అరటిపండు ఒలుచుకున్నారు.

"మంచి మొక్కే అమ్మా. నువ్వే ఎక్కరాదూ?"

సారు కాలితో పొట్టి పీట అమ్మ ముందుకి జరిపి కూర్చోమన్నారు. ఫర్లేదండి అంది. ఆయన మళ్ళీ కూర్చోమన్నారు. అమ్మ పీట వంక బావిలోకి చూసినట్టు చూసింది. గోడ పట్టుకుని, సగం దూరం వంగి, మిగతా సగం దబ్బున పడింది. సారు దగ్గరికి రాలేదు. నన్ను పిలిచి, చీర మీంచే అమ్మ మోకాలి మీద అరచెయ్యి ఆనించమన్నారు. కాలు చాపి ముడవమని ఆవిడకి చెప్పారు. నా చేతి కింద ఇసుక నలిగింది. నిజంగా అలాగే ఉంది, కరకరమంటూ. చెయ్యి తీసేయబోతే సారు ఉంచమని సైగ చేశారు.

"నావి ఎప్పుడో పోయాయండి. నా మోకాళ్ళే వంగితే, దాని మోకాళ్ళెందుకు మొక్కుతాను?" అంది అమ్మ నేల చూస్తూ.

మా ఇంట్లో మిరపకాయల తొడిమలు తీసేటప్పుడు ఆడవాళ్ళంతా కింద కూర్చునేవాళ్ళు. అమ్మ మాత్రం నిలబడి, బస్తాలు ఎత్తించుకుంటూ తిరిగేది. కూర్చుంటే పెత్తనం పోతుందని మేమంతా ఎగతాళి చేసేవాళ్ళం. తనూ మాతోపాటు నవ్వేది. ఆ నవ్వు గుర్తొచ్చి నాకు దుఃఖం ఆగలేదు. సారు నా ఏడుపు పట్టించుకోకుండా అమ్మనే అడిగారు, ఎన్ని మెట్లని మొక్కిందో. లెక్క చెప్పలేదంది అమ్మ. అలాగైతే ఒక్క మెట్టు చాలు, అదీ మొక్కినవాళ్ళే ఎక్కాలన్నారు. దేవుడి దగ్గర బేరమా అని అమ్మ బెంగపడింది.

"నేను నమాజు కుర్చీల కూసొని చేస్తనమ్మా. ఆయన నా మోకాలు చూసిండు, ఏమనలే" అన్నారు సారు.

ఆ వారం నుంచి బల్ల మీద ఇద్దరం. దాని అంచున కూర్చుని చీలమండకి ఇసుక సంచి కట్టుకుని కాలు నిటారుగా లేపడం, దించడం. తర్వాత అమ్మకి బొంత మడత మీద మోకరిల్లడం, లేవడం. ఒక పాదం ముందుకేసి, తొడ మీద చెయ్యి ఆనించి లేవాలి. ఇంట్లో ఎవరూ చూడకుండా గొడ్లపాకలో నేర్చుకునేది. ఆ కరకర పోలేదు, పోదని సారు ముందే చెప్పారు. తొడలో మాత్రం బలం వచ్చింది.

మరుసటి ఏడు శ్రీరామనవమి జనం తగ్గాక భద్రాచలం వెళ్ళాం. అట్టడుగు మెట్టు మీద అమ్మ తువ్వాలు పరిచి ఒక మోకాలు ఆనించింది, తర్వాత రెండోది. జనం తగ్గినా వెనక నుంచి తోసుకుంటూనే ఉన్నారు. ఆవిడ కళ్ళు మూసుకుని అలాగే ఉంది. ఇక లేవలేదేమో అనుకుని చెయ్యి అందించాను. చెయ్యి పక్కకి నెట్టేసింది. పాదం ముందుకేసింది, తొడ మీద అరచెయ్యి బలంగా ఆనించి, పళ్ళు బిగించి లేచింది. మిగతా మెట్లు ఇద్దరం నడిచే ఎక్కాం. దర్శనం గురించి ఒక్క మాట లేదు. బస్సెక్కాక అంది:

"మీ సారుతో చెప్పు, ఎవరూ పట్టుకోకుండానే లేచానని."

చెప్పాను. ఆయన తల ఊపి, "అవ్, మరి దిగేటప్పుడు?" అని అడిగారు. దిగడమే మోకాళ్ళకి ఎక్కువ కష్టమని నాకు అప్పటికి తెలియదు. అమ్మ రెయిలింగు పట్టుకుని, ఒక్కో మెట్టూ పక్కకి తిరిగి దిగిందన్నాను. నవ్వారు. ఆ దిగడం ఆయన నేర్పలేదు, ఆవిడే కనుక్కుంది.

నేనూ ఆ చదువే చదివి కొత్తగూడెంలో గది తెరిచాను. సారూ లేరు, అమ్మా లేదు. నా దగ్గర మిషన్లు చాలానే ఉన్నాయి, ఒక పొట్టి పీట కూడా ఉంది. టేకులపల్లి వైపు నుంచి నిన్న ఒకావిడ కాలు బెణికిన మనవణ్ణి చంకనేసుకుని వచ్చింది. పిల్లవాణ్ణి బల్ల మీద దించి, గోడకానుకుని నిలబడింది. కూర్చోమంటే ఫర్లేదు బిడ్డా అంది. పిల్లవాడి కాలు తర్వాత చూద్దామని, ముందు పీట ఆవిడ వైపు జరిపాను.