బీపీ చూసుకునే వాచీ

మా తమ్ముడు ఆ వాచీ కొన్న రోజున నేను వాణ్ణి తిట్టిన తిట్లు మా వీధి వీధంతా విన్నది. ధర మాత్రం వాడు నాకు చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ పూట వాడికి కాఫీ కూడా పోసేదాన్ని కాదు.

వాడు గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి. రైతులు తెచ్చిన సరుకు వాడి కొట్టు ముందు దిగితే, కొనేవాళ్లతో బేరమాడి అమ్మిపెట్టడం వాడి పని. నేను బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. మా ఆయన పోయిన దగ్గర్నుంచి నల్లపాడు రోడ్డులో వాడి ఇంట్లోనే కింది వాటాలో ఉంటున్నాను. పై వాటాలో వాడూ, మా మరదలూ. పిల్లలు లేరు. పొద్దున కాఫీకి మాత్రం వాడు కిందికి దిగి వచ్చేవాడు. మరదలు కాఫీ బాగా పెట్టదని కాదు. నాచేత నాలుగు చీవాట్లు తినకపోతే వాడికి పొద్దు గడవదు.

"ఇది మామూలు వాచీ కాదక్కా. దీని బీపీ ఇదే చూసుకుంటుంది," అన్నాడు ఆ రోజు, చేతిని నా మొహం మీదికి చాపి.

"పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టండన్నాట్ట నీలాంటివాడే. వాచీకి బీపీ ఏమిట్రా?"

అప్పుడు కూర్చుని నాకు పాఠం చెప్పాడు. స్ప్రింగుతో నడిచే వాచీ అట. బ్యాటరీ లేదు, రోజూ కీ ఇవ్వాలి. దాని పక్కన మడత పెట్టిన చిన్న పిడి ఉంది. దాన్ని విప్పి గిరగిరా తిప్పితే లోపల చిటికెడు కరెంటు పుడుతుంది. ఆ కరెంటుతో లోపలున్న ఎలక్ట్రానిక్ బిళ్ళ ఒకటి వాచీ కొట్టుకోవడాన్ని వింటుంది. మీట నొక్కితే చాలు, చిన్న ముల్లొకటి లేచి వాచీ సరిగ్గా నడుస్తోందో, పరిగెడుతోందో, నీరసంగా ఉందో చూపిస్తుంది. బాగుంటే ముల్లు నడిమధ్యన నిలబడుతుంది. నీరసంగా ఉంటే ఎడమకు వాలుతుంది. వెనకాల చిన్న మర కూడా ఉంది, మనమే తిప్పి సరిచేసుకోవచ్చట.

నిజం చెప్పొద్దూ, నాకు నచ్చింది. నచ్చిందని చెప్తే వాడు నెత్తికెక్కుతాడని చెప్పలేదు.

ఆ రోజు నుంచి అదొక తంతు. కాఫీ చల్లారిపోతున్నా సరే, ముందు కీ ఇచ్చి, పిడి తిప్పి, మీట నొక్కి చూడాల్సిందే. "ఏం నాయనా, అమ్మగారికి ఇవ్వాళ జ్వరమా?" అనేదాన్ని. "గుండ్రాయిలా ఉందక్కా," అనేవాడు. యార్డులోనూ ఇదే ప్రదర్శన. బస్తాలు మోసే హమాలీలు కూడా "ఏం సార్, వాచీ బీపీ ఎంత?" అని అడిగేవాళ్లట. వాడు గొప్పగా చెయ్యి చాపి చూపించేవాడు. మా చిన్నతనంలోనే నాన్న పోతే ఇంటిని నెత్తినేసుకుని, చదువు మానేసి, మిరప ఘాటులో ఇన్నేళ్లు తుమ్ముకుంటూ బతికినవాడు. వాడి ఒంటి మీద వాడికోసం కొనుక్కున్నది అదొక్కటే.

మరుసటి ఏడు మిరప కోతలు మొదలయ్యే రోజుల్లో ముల్లు ఎడమకు వాలడం మొదలెట్టింది. మొదట కొంచెం, తర్వాత బాగా. వాడు మర తిప్పాడు. ఒక పూట బాగుండేది, మర్నాడు మళ్లీ అంతే. వాడికి కోపం వచ్చింది. హైదరాబాదులో కొన్న కొట్టుకి పంపించాడు. వాళ్లు చూసి, ఏ లోపమూ లేదని తిరిగి పంపారు. ఇంటికి రాగానే మళ్లీ నీరసం.

"మోసం చేశారక్కా. అంత పెట్టి కొంటే ఇదా? వదలను వాళ్లని," అని ఎగిరాడు.

"కోరి కొరివితో తల గోక్కున్నావు. అనుభవించు," అన్నాను నేను.

ఆ రోజుల్లోనే వాడు కుడిచెయ్యి తిమ్మిరెక్కుతోందని అనేవాడు. మా వైపు చెయ్యి బాగా లేకపోతే ఎవరూ డాక్టరు దగ్గరికి పోరు. మిరపకాయలు పట్టినవాళ్ల చేతులకి మంటలూ తిమ్మిర్లూ మామూలే అనుకుంటారు. మజ్జిగలో ముంచుతారు, కొబ్బరినూనె రాస్తారు, ఊరుకుంటారు. నాణ్యం చూడటానికి పొద్దున్నుంచి సాయంత్రం దాకా కాయలు చిదిమేవాడు కదా, వాడూ అదే అనుకున్నాడు. నేనూ అదే అనుకున్నాను. చేతిమీద నూనె రాస్తూ "మొహానికి కూడా కాస్త రాయనా, జిడ్డుమొహమా," అని వేళాకోళం ఆడాను.

ఒకరోజు పొద్దున కాఫీ తాగుతుండగా వాడికి ఎవరో రైతు ఫోన్ చేశాడు. ఫోన్ చెవి దగ్గర్నుంచి తీయకుండానే, వాచీ విప్పమని నాకు సైగ చేసి, "అక్కా, కాస్త కీ ఇచ్చి చూడు," అన్నాడు. ఇచ్చాను. తిరిగినంత దాకా తిప్పాను. పిడి తిప్పాను, మీట నొక్కాను. ముల్లు లేచి సరిగ్గా నడిమధ్యన నిలబడింది.

"ఒరేయ్! నీ వాచీకి నయమైపోయిందిరా! నా చెయ్యి పడేసరికి లేచి కూర్చుంది చూడు!" అని కేకేశాను.

వాడు ఫోన్ పెట్టేశాడు. ముల్లు వైపు చూశాడు. వాచీ తీసుకుని, ఇంకా ఏమైనా ఎక్కుతుందేమోనన్నట్టు వాడే కీ తిప్పబోయాడు. బొటనవేలు జారింది. మళ్లీ పట్టుకున్నాడు. మళ్లీ జారింది. అంత చిన్న కీ. వాడు ఇన్నాళ్లూ సగం కూడా ఎక్కించడం లేదు. కీ చాలక అది నీరసంగా నడిచింది, అంతే. అప్పుడు చూశాను వాడి చేతిని. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ ఉండాల్సిన చోట గుంట పడి ఉంది. నేను రోజూ నూనె రాసిన చెయ్యే. నా కళ్లు కాలిపోనూ, చూడలేదు.

"చొక్కా గుండీలు కూడా పెట్టుకోలేకపోతున్నానక్కా," అన్నాడు మెల్లగా.

నా మోకాళ్లు చూపించుకోవాలని మరదలితో చెప్పి, వాణ్ణి వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన వాడి చేతిని, కాళ్లని, నాలుకను కూడా చూశాడు. సూదులు గుచ్చి పరీక్షలు చేయించాడు. నరాల జబ్బు అన్నాడు. కండ చచ్చుబడుతూ పోతుందనీ, ఒక చేతితో ఆగదనీ, నయం చేసే మందు లేదనీ చెప్పాడు. ఎంత త్వరగా అని మా వాడు అడిగాడు. అది ఇప్పుడే చెప్పలేమన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో వాడు ఒక్కటే మాట అన్నాడు. "ఈ సీజను గడవనియ్యక్కా. అప్పటిదాకా నీ మరదలికీ చెప్పొద్దు, యార్డులో ఎవరికీ చెప్పొద్దు. ఒట్టెయ్యి."

ఒట్టెందుకు అడిగాడో నాకు తెలుసు. యార్డులో ఇప్పుడు కంప్యూటర్లు వచ్చాయి గానీ, పాత వ్యాపారులు ఇంకా తువ్వాలు కింద చేతులు కలిపే బేరమాడతారు. ఇద్దరి చేతుల మీదా తువ్వాలు కప్పుతారు. ధరలో పెద్ద అంకె నోటితో ముందే అనుకుని, పైన ఎన్ని వందలనేది వేళ్లతో చెప్పుకుంటారు. ఎదుటివాడివి ఎన్ని వేళ్లు పట్టుకుని నొక్కితే అన్ని వందలు. చుట్టూ ఎంతమంది ఉన్నా, ఆ ధర ఆ ఇద్దరికే తెలుస్తుంది. ఒకసారి నొక్కాక ఇంక మాట మార్చడం లేదు. మా తమ్ముడు ఎలాంటివాడని యార్డులో ఎవరినడిగినా, వాడి చెయ్యి మంచిది అనేవాళ్లు. వాడికున్న పేరంతా ఆ చెయ్యే. అది పోయిందని తెలిస్తే కొనేవాడు రాడు, కొనేవాడు రాకపోతే రైతు రాడు.

అప్పట్నుంచి వాడు పొద్దున్నే భుజమ్మీద తువ్వాలు కప్పుకుని కిందికి వచ్చేవాడు, మరదలు చూడకుండా. నేను గుండీలు పెట్టేదాన్ని. తర్వాత వాచీకి కీ ఇచ్చేదాన్ని. ఎందుకురా ఇంకా దీనికి ఈ సేవ అంటే, "ఒక్కరోజు చూపించకపోతే హమాలీలు అడుగుతారక్కా," అన్నాడు. మీట నొక్కగానే ముల్లు మధ్యకొచ్చేది. వాడు తలూపేవాడు. అది అలా నిక్కి నిలబడినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. దాన్ని రోట్లో వేసి దంచాలనిపించేది. వాడి చెయ్యి చచ్చిపోతుంటే దీనికి ఆరోగ్యం కావాల్సొచ్చిందా?

స్కూటరు నడపలేక వాడు ఆటోలో వెళ్లేవాడు. ఇంట్లో తోచడం లేదని సాకు చెప్పి నేనూ వెంట వెళ్లి కొట్లో కూర్చునేదాన్ని. టీ గ్లాసు నేనే అందుకుని వాడి ఎడమచేతికి ఇచ్చేదాన్ని. ఘాటుకి నా దగ్గు చూసి అందరూ నవ్వేవాళ్లు. "ఎందుకమ్మా మీకీ బాధ?" అనేవాళ్లు. బాధ ఏమిటో వాళ్లకేం తెలుసు.

ఆ రోజు ప్రకాశం వైపు నుంచి ఒక ముసలి రైతు సరుకు తెచ్చాడు. మంచి కాయ, ఎర్రగా నిగనిగలాడుతోంది. ఎన్నో ఏళ్లుగా మా వాడి కొట్టుకే వస్తాడు. కొనడానికి వచ్చింది సాయిబుగారు. పెద్దాయన, ఎగుమతి వ్యాపారం. మా వాడికి ఈ యార్డులో మొదటి బేరం ఇచ్చింది ఆయనే. కుప్ప పక్కన ఇద్దరూ నిలబడ్డారు. తువ్వాలు కప్పారు. నేను కొట్టు అరుగు మీద నుంచి చూస్తున్నాను. తువ్వాలు కాసేపు కదిలింది, ఆగింది.

"ఖాయం. మూడు," అన్నారు సాయిబుగారు, రైతుకి వినబడేట్టు.

మా వాడి మొహం పాలిపోయింది. వాడు పట్టబోయింది నాలుగు. బొటనవేలు బిగియక చివరి వేలు జారిపోయింది. రైతు మాత్రం "మీరు చూసిందే ధరండి," అని తలపాగా సర్దుకున్నాడు. అదే నన్ను చంపింది.

వాడు ఊరుకోవచ్చు. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. నాకు వాడి ఒట్టు గుర్తుంది, ఊరుకోరా నాయనా అని లోపల మొక్కుకున్నాను కూడా. వాడు తువ్వాలు లాగేశాడు. అందరి ముందూ కుడిచెయ్యి పైకెత్తాడు. వేళ్లు సగం ముడుచుకుని ఉన్నాయి.

"నేను నాలుగు పట్టాను సాయిబుగారూ. నా చెయ్యి పట్టలేదు. చెయ్యి పోయిందండి నాది."

సాయిబుగారు వాడి చేతినే చూశారు. ఎంతో వ్యాపారం చూసిన మనిషి, ఇట్టే అర్థమైపోయింది ఆయనకి. కింద పడ్డ తువ్వాలు తీసి, దులిపి, వాడి చెయ్యి మీద మళ్లీ కప్పారు. కప్పి, ఆ కింద వాడి చేతిని పట్టుకున్నారు.

"ఎవడ్రా పోయిందన్నది? నాలుగే పట్టాడు మా తమ్ముడు. నేనే ముసలాణ్ణి, తెలుసుకోలేకపోయాను. నాలుగుకే ఖాయం!" అని పెద్దగా అరిచారు.

రైతు దణ్ణం పెట్టాడు. హమాలీలు బస్తాలు కట్టసాగారు. సాయిబుగారు నా వైపు చూడకుండా గబగబా వెళ్లిపోయారు. కళ్లు తుడుచుకుంటున్నారని వెనకనుంచి తెలుస్తూనే ఉంది. ఎంత గొప్ప మనిషి అనుకున్నాను. గండం గడిచిందనుకున్నాను.

ఆటోలో తిరిగి వస్తుంటే, ఇంటి మలుపు దగ్గర మా వాడు అన్నాడు.

"నా చేతిలో మూడే ఉన్నాయని ఆయనకి తెలుసక్కా. తువ్వాలు కింద ఆయన ఎన్నడూ అబద్ధం ఆడలేదు. ఇవ్వాళ నాకోసం ఆడాడు."

"మంచికేగా ఆడాడు, పిచ్చి నాయనా."

"మంచికే. బేరం చేసేవాడి మీద ఎవరూ జాలిపడరక్కా. పడ్డారంటే ఇంక వాడు బేరగాడు కాదు." వాడు ఎడమచేతిని నా ఒళ్లో పెట్టాడు. "దీన్ని విప్పు. నావల్ల కాదు."

బెల్టు విప్పి వాచీ తీశాను. అది టిక్కుటిక్కుమంటూనే ఉంది. మర్నాడు పొద్దున కాఫీ పెట్టుకుని వాడికోసం చాలాసేపు చూశాను. కిందికి రాలేదు. పైన మా మరదలు ఒక్కసారిగా గొల్లుమనడం వినిపించింది. చెప్పేశాడన్నమాట.