వదులు కీళ్ళ వంశం

పక్క వాటాలో ఎవరో నువ్వుల నూనెలో కర్పూరం వేసి కాస్తున్నారు. ఆ వాసన తగలగానే నేను ఆమదాలవలసలో ఉన్నాను.

స్టేషనుకు పోయే దారిలో మా ధాన్యం కొట్టు ఉండేది. కోతల కాలంలో బస్తాలు దిగుతుంటే ఆ దుమ్ములోనే, కొత్త గోనెల వాసన పీలుస్తూ, కొట్టు ముందు తొక్కుడుబిళ్ళ ఆడేవాళ్ళం. అందరూ గెంతితే గళ్ళు దాటేవారు. నేను గెంతితే చీలమండ మడతపడేది. వెంటనే నన్ను మేనత్త దగ్గరకు మోసుకుపోయేవారు. ఆవిడ ఎదురుకాళ్ళతో పుట్టిన మనిషి. అలాంటివాళ్ళు కాలితో రాస్తే పట్టేసిన నడుమైనా సర్దుకుంటుందని మా వైపు నమ్మకం కాబట్టి, పొద్దున్నే మా అరుగు మీద జనం మూలుగుతూ కూర్చునేవారు. అత్త నా కాలికి వేడి నూనె రాసి, పాదంతో తొక్కి, "ఓర్సుకోయే, పట్టు వదలాల" అంటూ వేళ్ళు పట్టి లాగేది. అసలే వదులుగా ఉన్న కీలును ఎంతో ప్రేమగా ఇంకాస్త వదులు చేసేది, పిచ్చితల్లి.

నాగులచవితినాడు పుట్టలో పాలు పోసి వచ్చాక, చిమ్మిలి, చలిమిడి, వడపప్పు ముందు పెట్టుకుని చుట్టాలంతా "ఏదీ, సూపించవే గుంటా" అనేవారు. నేను బొటనవేలు మణికట్టుకు ఆనించి, మిగతా వేళ్ళు వెనక్కి విరిచేదాన్ని. పాము పడగలాగే ఉందని మురిసిపోయి చేతిలో చిమ్మిలి ఉండ పెట్టేవారు. సాయంత్రానికి ఆ వేళ్ళు సలిపేవి. మర్నాడు పలక మీద అక్షరాలు వంకరపోతే మాత్రం బద్ధకమని తిట్టేవారు. మా నాన్నదీ ఇదే ఒళ్ళు. బస్తా ఎత్తబోతే భుజం జారేది, అందుకని గల్లాపెట్టె వదిలి కదిలేవాడు కాదు. "మా సావుకారు వొట్టి సుకుమారం" అని బస్తాలు మోసే కళాసీలు వేళాకోళం చేస్తే ఆయనా నవ్వేసేవాడు.

నా కూతురు రాత మొదలుపెట్టిన ఏడాదే, చెయ్యి నొప్పని పెన్సిలు పారేసి ఏడ్చింది. విజయనగరంలో డాక్టరమ్మ దాని మోచేతులూ నా మోచేతులూ వంచి చూసి, ఇది వంశంలో వచ్చే కీళ్ళ వదులు, లాగకూడదు, చుట్టూ కండ గట్టిపడాలి అన్నారు. నాకు ఆనందమూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఆ రోజు నుంచి బడికి ముందు మేమిద్దరం గోడకు ఆనుకుని రబ్బరు పట్టీలు లాగుతున్నాం. జ్వరమొస్తే తప్ప మానం. అది "రేపు సేద్దామమ్మా" అని బతిమాలినా వినను. మోయలేనంత బరువున్న పుస్తకాల సంచీ గురించి బడిలో పోట్లాడి గయ్యాళి అనిపించుకున్నాను, అనుకోనీ. నా బిడ్డను ఎవరూ సోమరి అనకూడదు, ఎవరూ బొమ్మను చేసి ఆడించకూడదు.

మొన్న నాగులచవితికి ఊరెళ్ళాం. అరుగు రోడ్డు వెడల్పులో పోయింది. కొట్టులో ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. అత్త లేదు, ఆవిడ కోసం వచ్చే జనమూ లేరు. చుట్టాల సరదా మాత్రం పోలేదు. పిన్ని నా కూతుర్ని దగ్గరకు తీసుకుని, "నీకూ మీయమ్మనాగ వంగుతాయటేటే? ఏదీ, సూపించు" అంది. నేను లేవబోయేలోగా పిల్లే చేతులు వెనక్కి దాచుకుంది.

"నొప్పెడతాది. సూపించను."

పిన్ని మొహం చిన్నబోయింది. పిల్ల అక్కడితో ఆగలేదు. కుర్చీలో మోకాళ్ళు రుద్దుకుంటున్న మా నాన్న వైపు తిరిగి, "తాతా, నీకూ నొప్పెట్టీదా?" అని అడిగింది.

నాన్న నవ్వేయబోయాడు. నవ్వు రాలేదు.

"నొప్పెట్టీదమ్మా. సిన్నప్పట్నించీ."

వంటింట్లోంచి అమ్మ గరిటెతోనే బయటికి వచ్చింది. "ఇన్నేళ్ళు కాపరం సేసినాం, ఒక్కనాడూ సెప్పనేదేటి?"

"ఎవులడిగినారు?" అన్నాడు నాన్న.