నాలుగింటికి పెరట్లో

మా ఆయన సిగరెట్ మానేశారు. ఇరవయ్యెనిమిదేళ్లు నేను నెత్తీనోరూ కొట్టుకున్నా మానని మనిషి, డాక్టరు ఎక్స్‌రే చూసి పెదవి విరిచేసరికి మానేశారు. పెళ్లాం మాటకి విలువ ఎప్పుడుంది గనక! సంతోషించాల్సిన సంగతే. కానీ ఈ పదిహేడు రోజులూ నాకు ఒకటే అయోమయం.

ఆయనది చెక్క సామాన్లకు పాలిష్ పెట్టే పని. షాపు మా మామగారిది. మధ్యలో ప్లైవుడ్ గోడ కొట్టారు. ఇటు ఆయన పాలిష్ పెడుతుంటే నేను గరుకు కాగితంతో బల్లలు రుద్దుతాను. అటు మా మరిది సోఫాలకు కుషన్లు కుడతాడు. అతని మిషను రొదలో ఇటు మాటలు అటు వినపడవు. ఇటు స్పిరిట్, అటు స్పాంజి, నిప్పురవ్వ పడిందంటే వీధి వీధంతా బూడిదే. అందుకే అగ్గిపెట్టె లోపలికి తేకూడదని మామగారి శాసనం. పెరట్లో కుళాయి పక్కన, కిటికీ గూట్లో, ఇద్దరికీ కలిపి ఒకటే అగ్గిపెట్టె.

అన్నదమ్ములిద్దరికీ తొమ్మిదేళ్లుగా మాటల్లేవు. మా అత్తగారిని ఆసుపత్రిలో చేర్చినప్పుడు, తమ్ముడు ఇంకా దారిలో ఉండగానే ఈయన ఆపరేషన్‌కి సంతకం పెట్టేశారు. ఆవిడ మళ్లీ కళ్లు తెరవలేదు. "పది నిమిషాలు ఆగలేకపోయావా?" అన్నాడతను. "నువ్వు ముందే వచ్చి చావలేకపోయావా?" అన్నారీయన. అంతే. ఎవరిది తప్పో నాకిప్పటికీ తేలలేదు. ఆయనకీ తేలలేదనుకుంటాను, ఆ ఊసెత్తితే లేచి వెళ్లిపోతారు.

అయినా రోజూ నాలుగింటికి ఇద్దరూ పెరట్లోకి వచ్చేవారు. ఒకరు పుల్ల గీసి తనది అంటించుకుని, ఆరిపోయేలోగా రెండో వారికి పట్టేవారు. పొగ వదలడం, కుళాయి వంక చూడడం, ఎవరి పనికి వాళ్లు పోవడం. ఇదేం విడ్డూరంరా నాయనా అని నాలో నేనే నవ్వుకునేదాన్ని.

డాక్టరు ఆ యావ తగ్గడానికి మాత్రలు రాశాడు. పిచ్చిపిచ్చి కలలొస్తే భయపడొద్దన్నాడు. "రోజూ ఏ వేళకి ఎక్కడ కాలుస్తారో, కొన్నాళ్లు ఆ వేళకి ఆ ఛాయలకి పోకండి" అని కూడా చెప్పాడు. ఈయన బుద్ధిగా తలూపారు.

మొదటి వారం చిరాకులు, తిట్లు, విసిరికొట్టిన బ్రష్షులు. అది నేను అనుకున్నదే. రెండో వారానికి దగ్గు తగ్గింది, వాసనలు తెలియడం మొదలైంది. "ఇంత కంపులోనా మనం బతుకుతున్నది?" అని స్పిరిట్ డబ్బా పట్టుకుని అడుగుతుంటే, నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

కానీ నాలుగయ్యిందంటే మనిషి మనిషిలో ఉండరు. కడిగిన బ్రష్షే మళ్లీ కడుగుతారు. చెప్పులేసుకుంటారు, విప్పుతారు. పెరటి తలుపు గడియ మీద చెయ్యి వేసి, తీసేస్తారు. ఒకరోజు టేకు రంగు వెయ్యమన్న బీరువాకి నల్లరంగు పూసి పెట్టారు.

"ప్రాణం అంతలా లాగేస్తుంటే పోయి ఒక్కటి కాల్చుకు రండి!" అని అరిచాను. నా నోట ఆ మాట ఎలా వచ్చిందో!

"నా మనసు సిగరెట్ మీద లేదే" అన్నారు.

"మరి దేని మీదుంది?"

"ఏమో. తెలిస్తే చెప్పనా?"

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. మాత్రల మహిమేమోనని వాటితో వచ్చిన కాగితం తీసి మళ్లీ చదివాను. కలల గురించి రాశారు గానీ, ఇదెక్కడా లేదు. నాకు భయం వేసింది.

పదిహేడో రోజున నేను వీధి మెట్ల దగ్గర ఒక స్టూలు రుద్దుతుంటే మా మరిది వచ్చాడు. ఇటువైపు అడుగుపెట్టి తొమ్మిదేళ్లయింది. మొహం పీక్కుపోయి ఉంది.

"వదినా, అన్నయ్యకి నామీద కోపమొచ్చిందా?"

"కొత్తగా అడుగుతున్నావేం?"

"అది కాదు వదినా. అంత గొడవైనా వచ్చేవాడు కదా! ఇప్పుడు రావట్లేదు. రోజూ నాలుగింటికి వెళ్లి నిలబడుతున్నాను, చూసి చూసి వచ్చేస్తున్నాను. నేనేమన్నానని? తొమ్మిదేళ్లుగా ఒక్క మాటైనా అన్నానా?"

అప్పుడు వెలిగింది నా మట్టిబుర్రకి. ఆ డాక్టరు సిగరెట్‌తో పాటు తమ్ముణ్ణి కూడా మాన్పించేశాడు.

"కోపమూ లేదు, పాడూ లేదు. మీ అన్నయ్య సిగరెట్ మానేశారయ్యా. ఊపిరితిత్తులు పాడవుతున్నాయట. ఆ వేళకి అటు పోవద్దన్నాడు డాక్టరు."

అతను మెట్టు మీద కూలబడ్డాడు. "అంతేనా?" అన్నాడు. వెంటనే "ఊపిరితిత్తులా?" అన్నాడు. మొహం ఎలా పెట్టాలో తెలియక అరచేత్తో తుడుచుకున్నాడు.

"మరి ఇక నాలుగింటికి మేం ఏం చెయ్యాలి వదినా?"

"నోళ్లున్నాయి కదా, మాట్లాడుకుని చావండి!"

"ఏం మాట్లాడాలి?"

వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

"నాకూ తెలీదురా" అని నా వెనక నుంచి వినిపించింది.

తిరిగి చూస్తే, వార్నిష్ కారుతున్న బ్రష్షుతో మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు. తొమ్మిదేళ్ల తర్వాత తమ్ముడితో అన్న మొదటి మాట అది. రెండోది రాలేదు. ఇద్దరూ నా మొహం వంకే చూస్తున్నారు, నాకేదో తెలిసినట్టు.