అంకె లేని లెక్క

హైదరాబాద్‌లో ఫీజు కట్టలేక, బీఎస్సీ మ్యాథ్స్ మూడో సంవత్సరానికి నల్లగొండలోని ప్రభుత్వ కాలేజీకి మారదామని ఈ రోజు వెళ్లాను. గొర్రెలను చిన్నాయనకు అప్పగించి, నాయిన కూడా కేతేపల్లి నుంచి తోడొచ్చాడు.

యూనివర్సిటీ వేరు కాబట్టి నన్ను చేర్చుకోవాలో వద్దో మ్యాథ్స్ మేడమ్ చెప్పాలట. ఆమె నా మార్కులు చూసి, చాక్‌పీస్ చేతికిచ్చి, గ్రూప్ థియరీలో ఒక సిద్ధాంతం నిరూపించమన్నారు. నాకు రానిదేమీ కాదు. అయినా మరీ గట్టిగా నొక్కేసరికి చాక్‌పీస్ విరిగింది. ఇక్కడ కూడా కాదంటే చదువు ఆగిపోతుందన్న ఒక్క ఆలోచనే తలలో తిరుగుతోంది.

"భయమైతాందా?" అని అడిగారు మేడమ్.

"అయితాంది మేడమ్."

"కానియ్. భయపడుకుంటనే రాయి. నాకేం తొందర లేదు."

భయపడుతూనే రాశాను. మధ్యలో ఒక వరుస తప్పు పడితే నేనే తుడిచి దిద్దుకున్నాను. ఆఖరి వరుస దాకా ఆమె చదివారు. తర్వాత "రేపు క్లాసుకు రా" అన్నారు.

బస్సెక్కాక చూస్తే నాయిన చొక్కా చెమటతో తడిసిపోయి ఉంది. తలుపు దగ్గర నిలబడి అంతా చూశాడట.

"లెక్క అంటివి గద బిడ్డా, బోర్డు మీద ఒక్క అంకె గూడ లేకపాయె. నువ్వు లెక్క మర్చిపోయి ఇంకేందో రాస్తున్నవని నా పానం పోయింది" అన్నాడు.

ఈ లెక్కల్లో అంతా అక్షరాలే, అంకెలుండవని చెప్పి నవ్వాను గానీ, రేపటి క్లాసు గుర్తొచ్చి మళ్లీ భయమేసింది. ఆ క్లాసులో వాళ్లంతా రెండేళ్ల స్నేహితులు. నాకు ఒక్కరూ తెలియదు. మధ్యలో కాలేజీ మారినవాళ్లుంటే జర చెప్పండి, మొదటి రోజు ఎవరి పక్కన కూర్చున్నారు?