కంకర చప్పుడు

మా వీధి చివర తాళాలు బాగుచేసే ఆయనకు తాళాల మీద నమ్మకం లేదు. ఎంత పెద్ద తాళమైనా తన చేతిలో ఎంతసేపు ఆగుతుందో ఆయనకు తెలుసు మరి. అందుకే ఇంటి చుట్టూ కంకర పోయించాడు, కిటికీల కింద ముళ్ల గులాబీలు పెంచాడు. గోడమీద గాజుపెంకులు గుచ్చమని పక్కింటాయన సలహా ఇస్తే మాత్రం కసురుకున్నాడు. "చెయ్యి తెగదూ? దొంగైనా ఇంటికెళ్లి అన్నం తినాలి కదయ్యా!" సాయంత్రం చేతులకంటిన నూనె కడుక్కుని, గుమ్మానికి వీపు పెట్టి ముందుగదిలో కూర్చుంటాడు. కంకర కరకరలాడితే చాలు, తల తిప్పకుండానే వచ్చిందెవరో చెప్పేస్తాడు.

రోజూ వచ్చేది ఆయన అక్క ఒక్కతే. ఒక కాలు ఈడుస్తూ నడుస్తుంది. మొన్న ఆ కంకరలోనే జారి మోకాలి మీద పడింది. "దొంగల్నే కాదు, నన్నూ రాకుండా చేసుకున్నావు. ఇక రాను పోరా," అని వెళ్లిపోయింది. మర్నాడు ఆయన దుకాణం తెరవలేదు. గేటు నుంచి గుమ్మం దాకా కంకర తోడేసి, గరుకు బండలు పరిచి, వాటి మీద తనే కాలు ఈడుస్తూ నడిచి చూసుకున్నాడు.

"మరి దొంగ నడిచినా వినపడదుగా?" అన్నాడు పక్కింటాయన.

"వాడికీ మోకాళ్లుంటాయిలే."

అక్కకు కబురు పెట్టి, ఆ సాయంత్రం అలవాటుగా చెవి అటే వేసి కూర్చున్నాడు. ఎంతకీ చప్పుడు లేదు. మొహం వేలాడేసుకున్నాడు. అంతలో నెత్తిన టంగున మొట్టికాయ పడింది.

"ఏరా, దొంగొచ్చి నీ వెనకే నిలబడినా తెలీదా?"

ఆయన తల రుద్దుకుంటూ లేచి, తన కుర్చీ అక్కకు జరిపాడు.