సూర్ ఉప్పు చేపపై మేమిచ్చిన సలహా

నియమం అచ్చులో నిలుస్తుంది. దానికి ఆధారమైన సలహాలో ఏ భాగం తీసుకున్నారో, ఏ భాగం విడిచారో అందులో కనిపించదు. ఒమాన్ తీరంలోని సూర్‌లో ఒక పెద్దాయన చేపలు ఎండబెట్టే స్థలం ఎందుకు ఖాళీ అయిందని అడిగేవారికి నియమం చూపితే అది సగం సమాధానమే. మిగిలిన సగం ఎరిగినవారిలో నేనొకణ్ణి గనుక దీనిని రాసి ఉంచడం నా విధి.

మస్కట్‌లో చేపల నాణ్యతను పరీక్షించే ప్రయోగశాలలో నేను చాలాకాలం పనిచేశాను. ఎండు చేపల విషయంలో గల్ఫ్ దేశాలన్నింటికీ ఒకే నియమం ఉండాలని సంకల్పించిన ఉమ్మడి సంఘం మమ్మల్ని సలహా అడిగింది. నాతోపాటు ఆ పని చేసినది కాకినాడ నుంచి వచ్చి మస్కట్‌లోనే ఘుబ్రా పేటలో కాపురముంటున్న సహోద్యోగిని. పరీక్షలకు కావలసిన ఉప్పు చేపను సూర్ పెద్దాయనే ఇచ్చాడు. ఆయన ఒమానీ, పొరుగు దేశాలకు సరుకు పంపేవాడు. ఉమ్మడి నియమం వస్తే సరిహద్దుల్లో పేచీలుండవని ఆయన ఆశ.

మా సలహా సారాంశం ఇది. ఎండు చేపలో తేమకు ఒక హద్దు ఉండాలి. అయితే బాగా ఉప్పు పట్టిన చేపకు ఆ హద్దు సడలించాలి. చేపను చెడగొట్టే సూక్ష్మజీవులను అక్కడ ఉప్పే అడ్డుకుంటుంది. తేమ నిండిన సముద్రపు గాలిలో ఎండే సూర్ చేప సడలింపు లేకుండా ఆ హద్దుకు లోబడడం కష్టం. ఈ సంగతి సంఘం ముందు స్పష్టంగా చెప్పాను.

చెప్పిన తరువాత నిపుణులు గది విడిచి వెళ్లాలి. నిర్ణయం సభ్యదేశాల ప్రతినిధులది. ఈ పద్ధతి సబబేనని నేటికీ నమ్ముతాను. మేము వసారాలో వేచి ఉన్నాము.

"కూర్చోండి మాస్టారూ. తలుపు దగ్గర డ్యూటీ పడ్డట్టు ఆ నిలబడ్డమేంటండీ?" అంటూ ఆమె ఖర్జూరాల పళ్లెం నా వైపు జరిపింది.

"సందేహం వస్తే పిలుస్తారు."

"పిలిచేలోపు ఈ కహ్వా కాఫీ పోసిపోసి మనల్ని ముంచేస్తారు."

పిలవలేదు. తలుపు తెరుచుకున్నాక అధ్యక్షుడు ఎంతో మర్యాదగా కృతజ్ఞతలు చెప్పి, నిర్ణయం వినిపించాడు. మేము చెప్పిన హద్దు అన్ని ఎండు చేపలకూ వర్తిస్తుంది. సడలింపు సంగతి అడిగాను.

"నియమం సరళంగా ఉండాలని భావించాం" అన్నాడు.

తిరిగి వ్రాతపూర్వకంగా విన్నవించాను. సభ ముగిసిందని జవాబు వచ్చింది.

నియమం అమలైన తరువాత పెద్దాయన సరుకు సరిహద్దు నుంచి వెనక్కి వచ్చింది. మేమిద్దరం సూర్ వెళ్లేసరికి ఆయన చేపలు పరిచి ఎండబెట్టే వలలు విప్పి చుట్టబెడుతున్నాడు. మాతో హిందీలోనే మాట్లాడాడు.

"నా చేప మంచిదన్నావు కదా, దోస్త్?"

"ఇప్పుడూ అదే అంటాను."

"మరి వాళ్లకు చెప్పలేదా?"

"చెప్పాను. నిర్ణయించే వేళ మమ్మల్ని బయట ఉంచారు. అది పద్ధతి."

ఆయన వల మడత సరిచేసుకుని నవ్వాడు. "వంటవాణ్ణి బయటికి పంపి, కూరలో ఉప్పు సంగతి అతిథులే తేల్చుకున్నారన్నమాట."

సహోద్యోగిని నవ్వబోయి ఆగింది. ఆయన మాకు చెరొక చేపల పొట్లం ఇచ్చాడు. వద్దన్నాను.

"తీసుకో. సరిహద్దు దాటనక్కర్లేదుగా, మస్కట్ దాకానే."

తిరుగు దారిలో కారంతా ఉప్పు చేప వాసన. ఆమె అద్దం దించలేదు, నేను దించమనలేదు. ఆ వలలు మళ్లీ పరిచారని నేటివరకు వినలేదు.

ఉప్పు, తేమల గురించి నేను పొరపాటుగా రాసి ఉంటే తెలిసినవారు దిద్దగలరు. ఆనాడు గదిలో ఉన్నవారెవరైనా ఇది చదివితే వారిని ప్రత్యేకంగా అర్థిస్తున్నాను: సడలింపును చర్చించి తోసిపుచ్చారా, లేక అసలు ప్రస్తావనకే రాలేదా? రెండవదే జరిగిందని నేను అనుకుంటున్నాను. అది తప్పైతే సరిదిద్దండి. నేను తలుపుకు బయట ఉన్నాను.